నాలుగో వంతు

గుండ్లవంక మిట్ట మీది రాకాసి గుళ్లను రాకాసులు ఖాళీ చేసి చాలాకాలమైంది. ఇప్పుడు వాటిలోకి గ్రహాంతరవాసులు దిగారు.

అంతంత బండలు మనుషులెత్తలేరు గనుక రాకాసులే ఎత్తి ఉంటారని పూర్వం ఆ ఊరివాళ్లు అనుకునేవారు. చుట్టూ పలకలు నిలబెట్టి, పైన ఏనుగంత మూతరాయి కప్పిన ఆ కట్టడాలు రెండున్నర వేల ఏళ్లనాటి సమాధులని చదువుకున్నవాళ్లు తేల్చాక రాకాసుల మాట వెనకబడింది. ఆ ఖాళీలోకి నభోమిత్ర వచ్చాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు నాగభూషణం. టీవీలోనూ ఫోన్లలోనూ 'ఆకాశ బంధువులు' అనే కార్యక్రమం నడుపుతాడు. మనిషి మంచి మాటకారి. పట్టుపంచె కట్టుకుని, బండ మీద చెయ్యి వేసి, "ఏమండీ, ఇనుప గునపం కూడా సరిగ్గా లేని రోజుల్లో ఇంత పని మనవాళ్లకు చేతనయ్యేదంటారా?" అని చిరునవ్వుతో అడుగుతాడు. చేతకాదని లక్షలమంది చప్పట్లు కొడతారు. తమ తాతలను చేతకానివాళ్లన్న మనిషికి అంత సంబరంగా చప్పట్లు కొట్టే జనాన్ని చూస్తే డాక్టర్ కుళ్ళాయమ్మకు ఒళ్లు మండేది.

మండినా ఇన్నాళ్లూ నవ్వి ఊరుకునేది. ఈసారి నవ్వు రాలేదు, ఎందుకంటే ఈసారి నభోమిత్ర చూపిస్తున్న ఆధారం ఆమె యంత్రం ఇచ్చిందే.

కుళ్ళాయమ్మది రాళ్లు కొట్టే ఇల్లు. తండ్రి చిన్నప్పుడే పోతే పెద్దనాయన ఓబులేసు, పెద్దమ్మ గంగులమ్మ పెంచి చదివించారు. హైదరాబాదులో స్నేహితులు "కొళాయి, కొళాయి" అని ఏడిపించినా ఆమె పేరు మార్చుకోలేదు. అనంతపురంలో ఒక చిన్న పరిశోధనశాలలో ఆరేళ్లు తల బద్దలు కొట్టుకుని ఆమె తయారుచేసిన యంత్రం పేరు శిలాశ్రవణి. చూడ్డానికి ప్రెషర్ కుక్కరంత ఉంటుంది. రాతికి ఆనించి మీట నొక్కితే సన్నగా కూస్తుంది, రాతి లోపలినుంచి తిరిగొచ్చే చప్పుడును వింటుంది. సమ్మెట దెబ్బ పడ్డచోట రాతి లోపల వెంట్రుకల్లాంటి బీటలు పుడతాయి. పైన గుంటలు అరిగిపోయినా బొటనవేలంత లోతున ఆ బీటలు ఎన్నివేల ఏళ్లయినా అలాగే ఉంటాయి. బీట ఎంత లోతుందో చూస్తే దెబ్బ బలం తెలుస్తుంది. అది ఎటు వాలిందో చూస్తే కొట్టినవాళ్లు ఏ పక్కన నిలబడ్డారో తెలుస్తుంది. అయితే ఎండా వానా చేసిన చిల్లర బీటలు కూడా రాతిలో వేలకొద్దీ ఉంటాయి. వాటిని ఏరి పారెయ్యడానికి ఆమే ఒక ప్రోగ్రాం రాసింది. ల్యాబులో దాన్ని అందరూ జల్లెడ అనేవారు.

జల్లెడ పట్టాక, మిట్ట మీది వాటిలో అన్నిటికన్నా పెద్దదైన పెద్దగుడి రాళ్లలో వింత ఒకటి బయటపడింది. పలకను చీల్చడానికి గీత పొడవునా బెత్తెడుకొక దెబ్బ చొప్పున వేసుకుపోయారు. మూడు చోట్ల బలమైన దెబ్బలు. నాలుగో చోట ఏమీ లేదు. మళ్లీ మూడు దెబ్బలు, మళ్లీ ఖాళీ. ఆరు పలకల్లోనూ, వాటి మీది మూతరాయిలోనూ అదే వరస, ఒక్కచోటైనా తప్పలేదు.

ఫలితాలన్నీ అందరికీ కనబడేలా పెట్టడం ల్యాబు నియమం. పెట్టిన మూడో రోజుకల్లా నభోమిత్ర ఆ పటం ముందు నిలబడి ఉన్నాడు.

"చూశారా! నాలుగు పళ్ల యంత్రం. అందులో ఒక పన్ను విరిగింది. మనిషే అయితే నాలుగో చోట కొట్టకుండా ఎందుకు వదులుతాడండీ? ఒకసారి మరిచిపోయాడనుకుందాం. రెండుసార్లు బద్ధకించాడనుకుందాం. నూట నలభై చోట్ల లెక్క తప్పకుండా బద్ధకిస్తాడా?"

ప్రశ్న మంచిదే. జవాబే కుళ్ళాయమ్మ దగ్గర లేదు.

"నెల తిరిగేలోగా ఢిల్లీనుంచి పరిశీలక సంఘం వస్తోందమ్మా," అన్నాడు ప్రొఫెసర్ మార్తాండరావు. ల్యాబుకు పెద్ద ఆయనే. చెడ్డవాడు కాదు, పదకొండేళ్లుగా ఆ ల్యాబును కోడి తన పిల్లలను కాపాడుకున్నట్టు కాపాడుకొస్తున్నాడు. "ఈ నాలుగో చోటు సంగతేమిటో చెప్పలేకపోతే యంత్రం పనికిరాదంటారు, ల్యాబు మూసేస్తారు. అదే 'ఏదో తెలియని పనిముట్టు' అని ఊరుకున్నామనుకో, ఆ నాగభూషణం పుణ్యమా అని దేశమంతా మనవైపే చూస్తోంది. మూసే ధైర్యం ఎవరికీ ఉండదు. అది అబద్ధం కూడా కాదు కదా?"

"తెలియనిది తెలియదనడం అబద్ధం కాదు సార్. తెలియదు గనుక ఆకాశంనుంచి ఊడిపడిందని జనమనుకుంటూంటే, మనం నోట్లో బెల్లంముక్క పెట్టుకుని కూచోవడం అబద్ధమే."

"మరేం చేద్దామంటావు?"

"ఇంతవరకూ యంత్రాన్ని మన ల్యాబులోని మోటారు సుత్తి దెబ్బలతోనే సరిచూసుకున్నాం. మన కళ్లెదుట మనుషులు కొట్టిన రాయి ఒక్కటీ దానికి వినిపించలేదు. మా వాళ్ల చేత పాతపద్ధతిలో ఒక రాయి కొట్టిస్తాను. తేడా ఎక్కడుందో దొరక్కపోదు."

అలా అన్నదేగానీ అందులో ఒక చిక్కుంది. రాయి తొలిచే కంప్రెసర్లు వచ్చి ముప్పయ్యేళ్లయింది. ఉలి ఒకరు పట్టుకుంటే నలుగురు చుట్టూ నిలబడి వంతులవారీగా సమ్మెట వేసే పద్ధతి తెలిసిన జట్టు ఆ చుట్టుపక్కల ఒక్కటే మిగిలింది. ఆ జట్టుకు మేస్త్రి ఓబులేసు. రాతిపొడి పీల్చి పీల్చి ఆయన ఊపిరితిత్తులు బండబారిపోయాయని, ఇంక దుమ్ము దరిదాపులకు కూడా వెళ్లకూడదని డాక్టరు చెప్పి ఏడాదైంది. నాలుగడుగులు నడిస్తే కూచోవాలి. అందుకే ఆమె ఆయన కోసం క్వారీకి ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టించుకెళ్లింది. రాతిమీద దుమ్ము లేవకుండా నాలుగు బిందెల నీళ్లు పోయించింది. కూచుని నోటితో చెబితే చాలు, మిగతావాళ్లు కొడతారు.

"కుర్చీ ఏంటికి పాపా? నేనేమన్నా పెండ్లికొడుకునా?" అన్నాడు ఓబులేసు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, జట్టులో తన చోటుకు పోయి నిలబడ్డాడు. ఆయనది నాలుగో చోటు.

"పెద్దనాయనా, నువ్వు కొట్టగాకు. డాక్టరు ఏం చెప్పినాడు?"

"దుమ్ము పీల్చొద్దన్యాడు. నిలబడొద్దని చెప్పలేదే."

"ముగ్గురు కొడితే రాయి చీలదా ఏమి?"

"ఏంటికి చీలదు? మూడు బాగా పడితే నాలుగోది దానంతటదే చీలుతాది." ఆయన ఆమెవైపు చిన్నపిల్లను చూసినట్టు చూశాడు. "గానీ పాపా, నేను ఇంగా ఉండాను గదా."

ఉలి పట్టుకుని కూచున్న గంగులమ్మ తలెత్తలేదు. "కొట్టనీలే మ్మే. వద్దంటే రేతిరి అన్నం తినడు," అంది.

పని మొదలైంది. మొదటి ముగ్గురి సమ్మెటలూ ఒకదాని వెంట ఒకటి ఖంగుమని మోగాయి. నాలుగో వంతుకు ఓబులేసు సమ్మెటను మోకాలంత ఎత్తు లేపి ఉలి నెత్తిన ఆనించాడు. పక్కింటి తలుపు తట్టినంత చప్పుడు కూడా రాలేదు. గంగులమ్మ మిగతా ముగ్గురికీ ఇచ్చినంత వ్యవధే ఆయనకూ ఇచ్చి, ఉలిని బెత్తెడు ముందుకు జరిపింది. ఎవరి మొహంలోనూ ఏమీ లేదు. ఒకరూ నవ్వలేదు, ఒకరూ జాలిపడలేదు. మళ్లీ మూడు మోతలు, మళ్లీ ఒక తట్టు. కుళ్ళాయమ్మ మాత్రం కాగితం పట్టుకుని నిలబడి, ఈ మొండితనం ఎవరి కొంప ముంచడానికిరా దేవుడా అని లోలోపల తిట్టుకుంటూనే ఉంది.

రెండు గీతలు పూర్తయ్యాయి. మూడో గీత సగంలో ఓబులేసుకు దగ్గు తెర వచ్చింది. సమ్మెట జారింది. మోకాళ్ల మీద కూలబడ్డ మనిషికి ఎంతకీ ఊపిరి తిరగలేదు. తెచ్చిన కుర్చీలోనే కూచోబెట్టి, మిగతావాళ్లు మోసుకుని జీపు ఎక్కించారు.

ఆస్పత్రిలో రెండు రోజులు ఆయన్ను అద్దాల గదిలో ఉంచారు. కుళ్ళాయమ్మ బయట బెంచీ మీద కూచుని బాహాటంగా ఏడ్చింది. డాక్టరేట్ చదివిన మనిషి అలా ఏడవడమేమిటని దారినపోయేవాళ్లు చూశారు. చూస్తే చూశారు.

"నా యంత్రం కోసరం పెద్దనాయన్ను చంపుకుంటి పెద్దమ్మా."

గంగులమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి గరుకుగా, బరువుగా ఉంది. "నువ్వు చంపేదేంది మ్మే. రాయి చంపుతానే ఉండాది ముప్పై ఏండ్లుగా. నువ్వు పిలిచినావని తెలిసినప్పటినించీ మనిషి పూటకు రెండు ముద్దలు ఎక్కువ తిన్యాడు. అది నాకు తెలుసు, నీకు తెల్దు."

మూడో రోజు పొద్దున డాక్టరు వచ్చి గండం గడిచిందని చెప్పాడు. కాకపోతే ఇక జీవితాంతం ఆక్సిజన్ సిలిండరు పక్కన ఉండాల్సిందే, సమ్మెట మాట తలపెట్టకూడదన్నాడు. ఆ మాట విని కాస్త తేరుకున్నాకే కుళ్ళాయమ్మకు క్వారీ రాయి గుర్తొచ్చింది. ల్యాబువాళ్లు దాని ఫలితాలు నిన్ననే పంపారు. బెంచీ మీదే లాప్‌టాప్ తెరిచింది.

మూడు దెబ్బలు, ఖాళీ. మూడు దెబ్బలు, ఖాళీ.

ముందు ఆమెకు కోపమొచ్చింది. యంత్రం పాడైందనుకుంది. పెద్దగుడి ఫలితాన్నే మళ్లీ పంపారేమోనని తేదీ చూసింది. తేదీ సరిగ్గానే ఉంది. నాలుగో చోట ఖాళీ ఎలా ఉంటుంది, నాలుగో చోట కొట్టింది... ఆమె తలెత్తి అద్దాల గదిలోకి చూసింది. ఓబులేసు ముక్కుకు గొట్టంతో కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు.

ఆమె మళ్లీ తెరవైపు తిరిగింది.

ఆయన కొట్టాడు. ప్రతి వంతూ కొట్టాడు. తన కళ్లతో చూసింది. ఆ దెబ్బలను యంత్రం వినకపోలేదు, విన్నాక జల్లెడ పారేసింది. ఇంతకన్నా తక్కువ లోతు బీట అయితే మనిషి చేసింది కాదు, వాన చేసింది అని ఐదేళ్ల కిందట జల్లెడలో ఒక అంకె వేసింది తనే. మోటారు సుత్తిని చూసి వేసిన అంకె అది. మోటారుకు ఆయాసం రాదు, ముసలితనం రాదు. రాళ్లు కొట్టే ఇంట పుట్టి, ఆ దగ్గు వింటూ పెరిగి, పెద్దనాయన చేతి దెబ్బను చెత్తలో కలిపే లెక్క తనే రాసినందుకు కుళ్ళాయమ్మకు సిగ్గుతో తల తిరిగిపోయింది.

అక్కడే, ఆ బెంచీ మీదే, పెద్దగుడి రాళ్ల లెక్కలు బయటికి తీసి జల్లెడ తీసేసి చూసింది. మిగతాచోట్ల చిల్లర బీటలు దిక్కుకొకటిగా చెదిరి ఉన్నాయి. నాలుగో చోట మాత్రం అన్నీ ఒకే పక్కకు వాలి ఉన్నాయి, ఒకే మనిషి ఒకే చోట నిలబడి వేసినట్టుగా. మొదటి పలకలో అవి గోరంత లోతున్నాయి. మూడో పలకకు అందులో సగమయ్యాయి. ఆరో పలకకు వచ్చేసరికి ఆవగింజంత మిగిలాయి. ఎవరో ఒకరు నెలనెలకూ నీరసపడిపోతూ కూడా రోజూ వచ్చి తమ చోట నిలబడ్డారు. మిగతా ముగ్గురూ రోజూ వాళ్లకు వంతు ఇచ్చారు.

ఇక మిగిలింది మూతరాయి. జల్లెడ తీసి చూసినా దానిలో నాలుగో చోట ఏమీ లేదు. ఆవగింజంతైనా లేదు.

సంగతంతా విని మార్తాండరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"జల్లెడలో తప్పు నీదేనని సంఘం ముందు చెబుతావా?"

"చెబుతాను సార్."

"ఆరు పలకలు చూపించి ఆపెయ్యవచ్చు కదమ్మా. మూతరాయి సంగతి అడిగేవాళ్లెవరు?"

"అడక్కపోయినా చెబుతాను. మనకు కావలసినవి చూపించి, గిట్టనివి దాచే పని నభోమిత్ర చేస్తున్నాడు. అది మనకెందుకు?"

"ల్యాబు పోతుంది."

"పోవచ్చు సార్," అంది. ఆరేళ్లు ఆమె ఇంకో బతుకు బతకలేదు.

సంఘానికి అధ్యక్షురాలు విశాలాక్షిగారు. భూగర్భశాస్త్రంలో పండిపోయిన మనిషి, నవ్వు అరుదు. రెండు పక్షాలూ వినాలని నభోమిత్రను కూడా పిలిపించింది. కుళ్ళాయమ్మ పెద్దనాయన జట్టును వెంట తెచ్చుకుంది. తాను చెప్పబోయే చేతులు ఎలా ఉంటాయో ఢిల్లీవాళ్లు ఒకసారి చూడాలని ఆమె కోరిక. గంగులమ్మ మంచి చీర కట్టుకుని వెనక వరసలో కూచుంది.

కుళ్ళాయమ్మ తన తప్పుతోనే మొదలుపెట్టింది. జల్లెడ ఏం చేసిందో చెప్పింది. క్వారీ రాయి చూపించింది, ఆరు పలకలు చూపించింది. ఆఖరున మూతరాయి కూడా చూపించి, "దీనిలో నాలుగో చోట నిజంగానే దెబ్బ లేదు. ఎందుకో నాకు తెలియదు," అంది.

నభోమిత్ర లేచాడు. గొంతులో తేనె కారింది. "అమ్మాయి నిజాయితీకి నా నమస్కారం. ఆరు రాళ్లూ పక్కన పెట్టండి. ఏడో రాయి ఆమెకే అర్థం కాలేదు. నాలుగో పన్ను అరుగుతూ అరుగుతూ వచ్చింది, ఆఖరికి విరిగిపోయింది. ఇంత తేలిక విషయానికి ముసలివాళ్లనూ రోగిష్టివాళ్లనూ ఎందుకండీ బండ దగ్గరికి లాక్కురావడం?"

హాలులో ఒకరిద్దరు నవ్వారు. అరుగుతూ వచ్చి విరిగింది. మాట అతికినట్టే ఉంది.

"ఏమప్పా, ఇంతసేపు రాయి, రాయి అంటాండారు. ఉలి పట్టినదాన్ని ఒక మాట అడగరా?"

అందరూ వెనక్కి తిరిగారు. గంగులమ్మ లేచి నిలబడి ఉంది. విశాలాక్షిగారు చెప్పమన్నట్టు తల ఊపింది.

"మా జట్టులో తిప్పన్న అని ఉన్యాడు. పచ్చకామెర్లొచ్చి పాయ. వాని సమాధికి బండ మేమే కొట్టినాము. వాని వంతు వచ్చినప్పుడు నేను ఉలి పట్టుకోని ఊరికే కూచుంటి. ఎవురూ కొట్టల్యా. వానికి పట్టేంత సేపు చూసి, బెత్తెడు జరిపితి. సచ్చిపోయినోని వంతు ఇంగొకరు ఎట్ల కొడతారు? కొడితే వాడు ల్యాకపోయినా మాకు ఏం తక్కువ కాల్యా అన్యట్టు గదా."

కుళ్ళాయమ్మ మూతరాయి బొమ్మవైపు చూసింది. ఆ సమాధి ఎవరికోసం మొదలుపెట్టారో ఎవరూ చెప్పలేరు. మూతరాయి కొట్టేనాటికి మాత్రం ఆ నలుగురిలో ఒకరు లేరేమో. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

నభోమిత్ర గొంతు సవరించుకున్నాడు. "చక్కటి కథ. కానీ కథ సాక్ష్యం కాదు."

"ఆయన చెప్పింది నిజం," అంది కుళ్ళాయమ్మ. మార్తాండరావు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఆమె పట్టించుకోకుండా పెద్దమ్మవైపు తిరిగింది. "తిప్పన్న తరవాత మల్లా వేరే రాయి కొట్టేటప్పుడు ఏం చేసినారు పెద్దమ్మా? వంతు అట్లనే ఖాళీ పెట్టినారా?"

"ఏంటికి పెడతాం? కర్మ అయిపోయినాక కొత్తోళ్లను నిలబెడతాం. పని జరగల్ల గదా."

కుళ్ళాయమ్మ బల్ల మీదినుంచి తెల్లకాగితం తీసుకుంది. "మిట్ట మీద చిన్నగుడి ఒకటి ఉందండీ, సగం మట్టిలో పూడిపోయింది. పెద్దగుడి తరవాత కట్టిందే. తవ్వడానికి అనుమతి ఈ వారమే వచ్చింది, దాని రాయి ఇంతవరకూ ఎవరూ వినలేదు. ఏం వినిపిస్తుందో ముందే రాసి సంతకం పెడతాను. నాలుగో చోట దెబ్బలుంటాయి. అవి వేరే చేతివి. అలా లేకపోతే మేం చెప్పింది తప్పు, ల్యాబు మూసుకోండి." రాసి, కాగితాన్ని నభోమిత్ర ముందుకు జరిపింది. "మీరూ రాయండి. మీ యంత్రానికి పన్ను విరిగింది కదా, చిన్నగుడిలో ఏముండాలి?"

నభోమిత్ర కలం తీశాడు, మూత తెరిచాడు, ఆగాడు. "విరిగిన పన్నయితే ఖాళీగానే ఉండాలి. అలాగని వాళ్లు బాగుచేసుకోలేదనీ చెప్పలేం. కొత్త పన్ను వేయించుకుని ఉండొచ్చు..."

"అంటే ఏమొచ్చినా గెలిచేది మీరే," అంది విశాలాక్షిగారు. ఆ రోజు ఆమె నవ్వింది అప్పుడే. "అలాంటి మాట పరీక్షకు నిలవదు నాగభూషణంగారూ. ఈ అమ్మాయి మాట నిలవొచ్చు, కూలిపోవచ్చు. పదండి, చూద్దాం. అన్నట్టు అమ్మాయీ, ఆ కట్టినవాళ్లు మీ పూర్వీకులే అంటావా?"

"అనలేనండీ, దానికి నా దగ్గర ఆధారం లేదు. మనుషులు అని మాత్రం అనగలననుకుంటున్నాను."

నాలుగో రోజు ఉదయం మిట్ట మీద తిరునాళ్లలా జనం చేరారు. ఆస్పత్రినుంచి ఇంటికొచ్చిన ఓబులేసు తనూ వస్తానని పట్టుబడితే జీపులో సిలిండరుతో సహా తెచ్చి వేపచెట్టు నీడన ఆపారు. మట్టి తీసిన బండ మీద కుళ్ళాయమ్మ శిలాశ్రవణిని ఆనించింది. సన్నటి కూత మొదలై, గీత పొడవునా బెత్తెడు బెత్తెడుగా కదిలింది. లాప్‌టాప్ తెర మీద బొమ్మ ఒక్కో దెబ్బా పేర్చుకుంటూ వచ్చింది.

ఒకటి, రెండు, మూడు. బలమైన దెబ్బలు, సరిగ్గా గీత మీద.

నాలుగో చోట గీత మీద ఏమీ లేదు. అంతలో తెరమీద ఇంకో బీట తేలింది. గీతకు రెండువేళ్లు పక్కన, లోతుగా, వంకరగా. దాని వాలు ఎడమచేతివాటం, పెద్దగుడి నాలుగో చేతికి ఎదురు.

మళ్లీ మూడు దెబ్బలు. నాలుగోది ఈసారి గీతకు అవతలి పక్కన పడింది. ఆ తరవాతి వంతులో పక్కపక్కనే రెండు దెబ్బలున్నాయి, మొదటిది తప్పిందని మళ్లీ కొట్టినట్టుగా. ఆ తరవాతిది రాతి అంచును కొంచెం ఎగరగొట్టింది.

మార్తాండరావు ముందుగా చప్పట్లు కొట్టి, తరవాత సిగ్గుపడి ఆపేశాడు. విశాలాక్షిగారు కుళ్ళాయమ్మ రాసిచ్చిన కాగితం తీసి, దాని మీద తేదీ వేసి సంతకం చేసి, "మూసేది లేదు. ముందు ఆ జల్లెడ మార్చు తల్లీ," అంది. నభోమిత్ర కెమెరావాళ్లను పక్కకు పొమ్మని, బండ దగ్గరికి వచ్చి కాసేపు తెరనే చూస్తూ నిలబడ్డాడు.

"ఎవరండీ ఇది?" అన్నాడు. మొదటిసారి ఆయన గొంతులో తేనె లేదు.

"తెలియదండీ. ఎవరో కొత్తవాళ్లు."

"పాపా, నాకు చూపీ!" అని జీపులోంచి కేక వచ్చింది. కుళ్ళాయమ్మ తెరను ఎత్తుకుని పరుగున వెళ్లింది. ఏ చుక్క ఏమిటో చెప్పబోతే ఓబులేసు చేత్తో వారించాడు. ఆ మాత్రం ఆయనకు తెలుసు. మొదటి తప్పు దెబ్బ చూశాడు, రెండోది చూశాడు. ఎగిరిపోయిన అంచు చూసేసరికి నవ్వు పొంగుకొచ్చింది.

"ఓర్నీ! వీనికి సమ్మెట ఎట్ల పట్టుకోవల్లనో చెప్పినోడే ల్యాడు. రేయ్, సమ్మెటను చూడగాకురా, ఉలిని చూడు! మోచెయ్యి దించు!"

"వాడని ఎట్ల అంటావు? ఆడమనిషి గూడా అయ్యుండొచ్చు," అంది గంగులమ్మ.

"ఎవరైతేనేం, ఉలి పట్టుకున్యోళ్ల చెయ్యి పచ్చడయ్యుంటాది. జరుపు పాపా, తరవాత ఏమాయనో చూస్తాం."

కుళ్ళాయమ్మ తెరను జరిపింది. మొదటి గీత చివర నాలుగో దెబ్బ గీతకు ఒక్క వేలి మందం దూరానికొచ్చింది. రెండో గీతలో ఒకటి సరిగ్గా పడింది, మరుసటిది మళ్లీ తప్పింది. ఓబులేసు "చ్చొచ్చో" అన్నాడు. మూడో గీతలో రెండు పడ్డాయి, ఆ పైన మూడు పడ్డాయి. ఆయన ముక్కు దగ్గరి గొట్టాన్ని ఒక చేత్తో సర్దుకుంటూ, రెండో చేతి వేలితో తెర మీద ఒక్కో చుక్కనూ తాకుతూ పోయాడు. ఆఖరి గీతలో నాలుగో దెబ్బలు వరసగా పదీ గీత మీదే పడ్డాయి, మిగతా ముగ్గురి దెబ్బలతో సమానమైన లోతుతో.

"ఆఁ," అన్నాడు ఓబులేసు. "అట్ల కొట్టల్ల."